చక్కిలిగిలి పరీక్ష

తనకు తానే చక్కిలిగిలి పెట్టుకుని నవ్వగలిగే మనిషి ఎక్కడా ఉండరు. కావాలంటే ఎవరూ చూడనప్పుడు మీరూ ప్రయత్నించి చూడండి, రాదు. ఇంత చిన్న సంగతి డాక్టర్ ఎస్తేరు రాణికి తెలియదా అంటే, నిక్షేపంగా తెలుసు. పద్నాలుగేళ్ళుగా నరాల మీద పనిచేస్తున్న మనిషి. కాలేజీ పిల్లలకు మొదటి పాఠంలోనే ఈ ముక్క చెప్పి, క్లాసంతటి చేతా చెప్పులు విప్పించి అరికాళ్ళు గీరించిన మనిషి. అయినా ఆ పన్నెండో రోజు ఉదయం, సొంత అక్క సలోమి ప్రయోగశాల కుర్చీలో కూర్చుని, కుడిచేతి చూపుడువేలితో ఎడమ అరచేతిని గీరుకుని కిలకిలా నవ్వితే, ఎస్తేరు చప్పట్లు కొట్టింది.

కొట్టదూ మరి! ఆ అరచేతికి తొమ్మిదేళ్ళుగా ఏదీ తెలియడం లేదు. వేడి గిన్నె ముట్టుకున్నా, గాజుపెంకు గుచ్చుకున్నా కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే. నరసాపురంలో లేసు అల్లికలో సలోమికి సాటి వచ్చేవాళ్ళు లేరని ఒకప్పుడు చెప్పుకునేవారు. పాపకు ఏడాది నిండకముందే వేళ్ళు మొద్దుబారాయి. ఆ మరుసటి ఏడు మొగుడు కూడా మొహం చాటేశాడు. అప్పట్నించీ పాపకు అన్నం కలిపిపెట్టడం కూడా పక్కింటివాళ్ళ దయే.

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మన నరాల మీదా ఒక కొవ్వు పొర ఉంటుంది. సలోమి జబ్బు ఆ పొరను కొరుక్కుతింటుంది. వేలికొస మీద పడిన స్పర్శ మెదడు దాకా పరుగెత్తవలసింది, దారిపొడుగునా కారిపోతూ కుంటుకుంటూ చేరుతుంది. ఎస్తేరు బృందం ఆ పొరకు బదులు ఇంకో పొర పెంచింది. ప్రయోగశాలలో పుట్టిన జీవకణాలు. వాటిని చేతి నరాల పొడుగునా సూదులతో ఎక్కిస్తే, వాటంతటవే నరాన్ని చుట్టుకుంటాయి, మధ్యమధ్య సన్నని సందులు వదిలి. సంకేతం ఆ సందు నుంచి ఈ సందుకు గెంతుతూ పోతుంది. దానికి పెద్ద పేరొకటి ఉంది గానీ అక్కడ అందరూ 'తొడుగు' అనే అంటారు.

విశాఖలో కొండవాలు మీద ఉన్న ఆ ప్రయోగశాల గుమ్మంలోనే ఒక నల్లబల్ల ఉండేది. పెద్దాయన ప్రొఫెసర్ లక్ష్మీపతి గారు పెట్టిన ఆనవాయితీ అది. సలోమి చేతి నరంలో సంకేతం సెకనుకు ఎన్ని మీటర్లు పరుగెడుతోందో రోజూ పొద్దున్నే దాని మీద రాయాలి, క్రికెట్ స్కోరు రాసినట్టు. మొదటి రోజు పద్దెనిమిది. వారానికి ముప్ఫై రెండు. పన్నెండో రోజున యాభై అయిదు. ఆరోగ్యవంతుడి నరానికి ఏమాత్రం తీసిపోదు. లక్ష్మీపతి గారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, కాపలావాడితో సహా అందరికీ స్వయంగా పంచారు.

ఎస్తేరు నోటుబుక్కులో ఆ రోజు కింద ఇలా రాసుకుంది: 'తన చేతిని తానే తాకి నవ్వింది. స్పర్శ పూర్తిగా వచ్చింది.' రాసి, నవ్వింది అన్న మాట కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు తర్వాత చాలా కాలం ఆమెను నిద్రపోనివ్వలేదు.

సలోమీ, పదేళ్ళ కూతురు కెజియా ఆ నలభై రోజులూ ఎస్తేరు క్వార్టర్సులోనే ఉన్నారు. నలభై రోజులు అని లెక్క ఎందుకంటే, తొడుగు నలభయ్యో రోజుకు గట్టిపడిపోతుంది. ఈలోపు ఏదైనా తేడా వస్తే మందిచ్చి కరిగించవచ్చు. ఆ తర్వాత మంచికైనా చెడ్డకైనా అది ఆ మనిషితోనే మట్టిలో కలవాలి.

పూతరేకులు పంచిన రోజు మధ్యాహ్నం సలోమి తన చేత్తో తాను అన్నం తింది. గోంగూర పచ్చడి కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే ఉండిపోయింది. కళ్ళనుంచి నీళ్ళు జలజలా కారాయి.

"ఏంటక్కా, కారంగా ఉందా?" అంది ఎస్తేరు.

"కాదే. అమ్మ తినిపిస్తున్నట్టుంది."

అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. తొమ్మిదేళ్ళ తర్వాత తన ముద్ద తాను తింటున్న మనిషికి అమ్మ గుర్తు రాక మరెవరు గుర్తొస్తారు అనుకుంది ఎస్తేరు. మంచినీళ్ళ గ్లాసు దగ్గరగా జరిపి, కళ్ళు తుడుచుకుని ప్రయోగశాలకు వెళ్ళిపోయింది.

తర్వాత సలోమికి ఒక అలవాటు పట్టుకుంది. మధ్యాహ్నం పనయ్యాక పెరటి గుమ్మంలో కూర్చుని, కళ్ళు మూసుకుని, జుట్టు దువ్వుకునేది. గంటకు తక్కువ కాకుండా. చిక్కు లేకపోయినా దువ్వుకునేది. "అమ్మ ఇలాగే కదే, చెవి వెనకాల గోరు పెట్టి పాయ తీసేది?" అని అడిగేది. "అవునక్కా" అనేది ఎస్తేరు, కంప్యూటర్ మీంచి కళ్ళు ఎత్తకుండా.

లేసు కూడా మొదలుపెట్టింది. వేళ్ళు ఆడుతుంటే కెజియా నోరు తెరుచుకుని చూసేది. వాళ్ళమ్మ సూది పట్టుకోవడం ఆ పిల్ల ఎరగదు. ఇరవై ఆరో రోజున బల్లగుడ్డ ఒకటి పూర్తయింది. సలోమి దాన్ని వెలుతురుకు ఎత్తి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, "ఎవరిదే ఈ పనితనం? ముడి చూస్తే మా పేట వాళ్ళదే" అంది.

"బావుంది, నీదేగా! నాలుగు రోజుల్నుంచీ అల్లుతున్నావు."

"ఆ... నేనే" అని నవ్వేసింది సలోమి.

ఆ రెండు మాటల మధ్యా ఒక అరక్షణం ఖాళీ ఉంది. అరక్షణాన్ని వెయ్యి ముక్కలు చేసి కొలిచే యంత్రాలు పదకొండు పెట్టుకున్న మనిషికి అది మాత్రం చెవిన పడలేదు. నల్లబల్ల మీద యాభై అయిదు అలాగే నిలబడి ఉంది. యాభై అయిదు ఉన్నంతకాలం ఎస్తేరు మనసు నిబ్బరంగా ఉంది.

ముప్ఫై ఏడో రోజు ఆదివారం. చర్చికి వెళ్ళాలి. పక్కగదిలో ఎస్తేరు చీర ఇస్త్రీ చేసుకుంటోంది. హాల్లో సలోమి పీట మీద కూర్చుని, కెజియాను కింద కూర్చోబెట్టుకుని రెండు జడలు వేస్తోంది. తెల్ల రిబ్బన్లు పిల్ల ఒళ్ళో ఉన్నాయి. ఈ నెల్లాళ్ళలో అమ్మ చేత జడ వేయించుకోవడమంటే కెజియాకు పండగ.

"అమ్మా, మెల్లిగా."

ఎస్తేరు చీరను రెండో వైపుకు తిప్పింది.

"అమ్మా! నొప్పి... నొప్పమ్మా!"

ఆ వెంటనే సలోమి గొంతు. దొంగను చూసి అరిచే గొంతు అది. "ఎవరు? ఎవరే నువ్వు? వదులు! నా పాపని వదులు!"

ఎస్తేరు ఇస్త్రీపెట్టె అలాగే పడేసి పరుగెత్తింది. ఇంట్లోకి ఎవరో జొరబడ్డారనే అనుకుంది. హాల్లో వాళ్ళిద్దరే ఉన్నారు. సలోమి రెండు చేతులూ కెజియా జుట్టును కుదుళ్ళతో పట్టుకుని వెనక్కి లాగుతున్నాయి. పిల్ల మెడ వెనక్కి విరిగినట్టు వంగిపోయింది. సలోమి తన చేతుల వంకే చూస్తూ, వాటినే తిడుతూ, వాటినే బతిమాలుతూ అరుస్తోంది. భయం ఎక్కువయ్యే కొద్దీ వేళ్ళు ఇంకా బిగుస్తున్నాయి. ఎస్తేరు ఆ వేళ్ళను విప్పబోయింది గానీ ఇనుప కొక్కేల్లా ఉన్నాయి.

అప్పుడు సలోమి వంగి తన మణికట్టును తానే కసిక్కున కొరికింది. రక్తం వచ్చింది. చేతులు రెండూ వదిలాయి.

కెజియా నేల మీద పాకుతూ తలుపు వెనక్కి పోయి నక్కింది. సలోమి రొప్పుతూ, రక్తం కారుతున్న మణికట్టు వంక చూసి, "చూశావటే విచిత్రం? చేతులు ఎవరివో. నొప్పి మాత్రం నాదే" అంది.

ఆ రోజు ఎవరూ చర్చికి వెళ్ళలేదు.

మర్నాడు ప్రయోగశాలలో ఎస్తేరు అక్క కళ్ళకు గంతలు కట్టింది. ఒకసారి యంత్రం కుంచెతో అరచేతిని గీయడం, ఒకసారి సలోమి తన వేలితో తాను గీసుకోవడం. ప్రతిసారీ "ఎవరు?" అని అడిగింది. నలభైసార్లు అడిగితే నలభైసార్లూ ఒకటే జవాబు. "ఎవరో."

తర్వాత తలుపేసుకుని పన్నెండో రోజు పేజీ తెరిచింది. 'నవ్వింది.' రెండు గీతలు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మొదటి పాఠంలో పిల్లలకు చెప్పే ముక్క కదా! మనం చెయ్యి కదిపినప్పుడల్లా మెదడు లోపల్లోపల ఒక కబురు పంపుకుంటుంది, 'ఇప్పుడొక స్పర్శ వస్తుంది, కంగారుపడకు, అది మనదే' అని. అందుకే మన వేలు మనకు చక్కిలిగిలి పెట్టదు. నవ్వు వచ్చిందంటే ఆ కబురు అందలేదన్నమాట. గంట కొట్టినట్టు మోగిన ఆ నవ్వును విని తను పూతరేకులు తింది.

లక్ష్మీపతి గారు నోటుబుక్కు అంతా చదివారు. డెబ్బయ్యేళ్ళ మనిషి, కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"కబురు ఎందుకు అందలేదమ్మా? సలోమి మెదడులో లోపమేమీ లేదే."

"అందుతోంది సార్. ఆలస్యంగా అందుతోంది." ఎస్తేరు కాగితం మీద రెండు గీతలు గీసింది. "తొమ్మిదేళ్ళు ఆవిడ నరాలు నత్తనడక నడిచాయి. మెదడు దానికే అలవాటు పడింది. స్పర్శ అనే చుట్టం ఎలాగూ ఆలస్యంగా వస్తాడు కదా అని, చుట్టం వస్తున్నాడన్న కబురు కూడా తాపీగా పంపడం నేర్చుకుంది. మనం ఒక్కసారిగా చుట్టాన్ని రైలెక్కించాం. కబురు రాకముందే గుమ్మంలో దిగాడు. తలుపు తీసి చూస్తే ఎవరో కొత్త మనిషి."

"తేడా ఎంత?"

"సెకనులో ముప్ఫయ్యో వంతు."

కనురెప్పపాటులో నాలుగో వంతు కూడా లేదు. అంత సందులోంచి ఒక మనిషి చేతులు జారిపోయాయి.

లక్ష్మీపతి గారు కాగితం మీది రెండు గీతలనూ వేలితో కొలిచి చూశారు. "మెదడుకు ఆలస్యం నేర్పింది అలవాటే కదా. తొందర కూడా నేర్చుకుంటుంది. కాస్త సమయమిద్దాం."

"నేర్చుకోవడం లేదు సార్. ఇరవై ఆరు రోజుల లెక్క చూశాను, వెంట్రుకవాసి కూడా మారలేదు." ఎస్తేరు నోటుబుక్కు మూసింది. "తప్పు తనదనుకుంటేనే కదా మెదడు దిద్దుకునేది. ఎవరో చేశారనుకుంటే దిద్దుకోవడానికి ఏముంటుంది?"

ఆ మాట అన్నాక ఆమెకే ఎక్కడో గుచ్చుకుంది. ఆదివారం నుంచి ఆమె మనసులో తిట్టుకుంటున్నది ఎవరిని? పరీక్షల పట్టికలో ఆ 'ఎవరు?' అనే ఒక్క పరీక్ష రాయనివాళ్ళను, నల్లబల్ల పెట్టినవాళ్ళను, వేగం వేగం అని తరిమినవాళ్ళను. ఒక్కసారి కూడా తనను కాదు.

"ఆ బోర్డు పెట్టింది నేనమ్మా" అన్నారు లక్ష్మీపతి గారు.

"నవ్వు కింద గీతలు గీసింది నేను సార్. అది నా చెయ్యే."

ఆయన తలూపారు. "పూర్తిగా కరిగించేస్తే?"

"పద్దెనిమిది దగ్గర ఆగదు. అడుగున మిగిలిన పాత పొర కూడా దీనితోపాటే ఊడి వచ్చేస్తుంది. ఇక వేళ్ళు కదలవు."

"సగమే కరిగిస్తే? ఆవిడ మెదడుకు అలవాటైన వేగానికి కాస్త దగ్గరగా?"

"ఏడు ఎలుకల్లో చేశాం. నాలుగింటిలో అనుకున్న చోట ఆగింది. మూడింటిలో ఆగలేదు."

కిటికీలోంచి ఓడ కూత వినిపించింది. రేపొక్కరోజే గడువు. ఎల్లుండి నలభయ్యో రోజు.

"ఎవరు నిర్ణయించాలి?" అని అడిగారాయన.

"ఆ చేతులెవరివో వాళ్ళు."

"అదేగా చిక్కు. ఆ చేతులు తనవి కావంటోంది కదా తల్లీ."

సలోమి పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. మణికట్టుకు కట్టు. దువ్వెన పక్కనే ఉంది గానీ ముట్టుకోలేదు. కెజియా లోపల మంచం మీద గోడకు వీపు ఆనించుకుని కూర్చుంది. ఆదివారం నుంచి ఆ పిల్ల తల్లికి వీపు చూపించడం లేదు. గదిలోకి తల్లి వస్తే చటుక్కున తిరిగి ఎదురుగా నిలబడుతోంది. పొద్దున్న ఎస్తేరే జడ వేసింది, అదీ తలుపు గడియ పెట్టుకున్నాక.

ఎస్తేరు మెట్టు మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. చుట్టం సంగతి, ఎలుకల సంగతి, గీతల సంగతి. అంతా విని సలోమి, "రెండో వారంలోనే తెలుసే నాకు" అంది.

"తెలిసీ చెప్పలేదేంటక్కా!"

"చెబితే తీసేస్తావని." సలోమి కళ్ళు ఎర్రబడ్డాయి. "నీకేం తెలుసే? తొమ్మిదేళ్ళు నా బిడ్డ ముక్కు నేను తుడవలేదు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూస్తే వేడి తెలియలేదు. ఎవరివైతే ఏంటి, చేతులు వచ్చాయి కదా అనుకున్నా. అద్దెకు తెచ్చుకున్నాననుకున్నా."

ఎస్తేరు అక్క మణికట్టు మీద వదులైన కట్టును సరిచేసింది.

"పైగా అమ్మ వచ్చేది" అంది సలోమి, గొంతు తగ్గించి. "రోజూ మధ్యాహ్నం. పిచ్చిదాన్ని కాను, అమ్మ కాదని తెలుసు. కళ్ళు మూసుకుంటే మాత్రం అమ్మే. ప్రార్థనకి చేతులు జోడిస్తే ఎవరో నా చెయ్యి పట్టుకున్నట్టుండేది. ప్రభువేమో అనుకున్నాను. అంత బావుండేదే. మరి ఆ మంచి వాళ్ళే నిన్న నా పాప జుట్టు పట్టుకున్నారు."

లోపల మంచం కిర్రుమంది. కెజియా గుమ్మం దాకా వచ్చి, తలుపు చాటునుంచి చూసి, మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. సలోమి అటే చూస్తూ ఉండిపోయింది.

"కరిగించెయ్యవే" అంది చివరికి.

"ఆగకపోతే అక్కా? మొత్తం పోతే?"

"పోతే పోతాయి. తొమ్మిదేళ్ళు లేకుండా బతికాను. మిగిలేవి మాత్రం నావై ఉండాలి. ఏ తప్పు చేసినా నేనే చేశానని తెలియాలి నాకు. అది తెలియకపోతే పిల్లని ఎలా పెంచుతాను?" దువ్వెన అందుకుంది. "ఇవాల్టికి ఒక్కసారి దువ్వుకోనీ. నువ్వు లోపలికి పో."

ఎస్తేరు లేచింది గానీ లోపలికి పోలేదు. తలుపు పక్కన నిలబడి, అక్క కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకు వాల్చడం, ఆ చెయ్యి చెవి వెనక పాయ తీయడం చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముప్ఫై తొమ్మిదో రోజు ఉదయం ఎనిమిదింటికి మందు మొదలుపెట్టారు. కుర్చీలో సలోమి, పక్కన ఎస్తేరు, యంత్రం దగ్గర లక్ష్మీపతి గారు. మూలన బల్ల మీద కెజియా, గోడకు వీపు ఆనించి. రావద్దన్నా వినలేదు ఆ పిల్ల.

మొదటి మోతాదు. ఇరవై నిమిషాలకు అంకె నలభై ఏడుకు దిగింది. సలోమి అరచేయి గీరుకుంది. పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

రెండో మోతాదు. ముప్ఫై తొమ్మిది. మళ్ళీ నవ్వే, కాకపోతే కాస్త తగ్గింది.

మూడో మోతాదు. ముప్ఫై మూడు. సలోమి పెదవి బిగబట్టింది, అయినా నవ్వు ఆగలేదు. ఒకప్పుడు ఈ గదిలో ఇదే నవ్వు కోసం అందరూ ఊపిరి బిగబట్టారు. ఇప్పుడు అది ఆగితే చాలునని బిగబట్టారు.

"నాలుగోది ఇస్తే ఇరవై ఎనిమిది దగ్గర ఆగాలి" అంది ఎస్తేరు. సూది ఎత్తింది గానీ గుచ్చలేదు.

"నేనివ్వనా?" అన్నారు లక్ష్మీపతి గారు.

"వద్దు సార్. నేనే ఇస్తాను."

ఇచ్చింది. ముప్ఫై ఒకటి. ముప్ఫై. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది. అందరూ తెర వంక చూస్తున్నారు. ఇరవై ఏడు.

ఎలుకల్లో ఆ మూడింటికీ ఇలాగే జరిగింది. ఒకసారి గీత దాటాక జారుతూనే పోయాయి. ఇరవై ఆరు. ఆపడానికి విరుగుడు లేదు. ఉంటే బావుండేదని ఇప్పుడు అనుకుని ఏం లాభం? ఇరవై అయిదు.

"ఏవే, మొహం అలా పెట్టావు? తగ్గుతోందా?" అంది సలోమి.

"తగ్గుతోందక్కా."

"ఎంతవరకూ?"

"తెలియదు."

సలోమి తన వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి విప్పుతూ కూర్చుంది. ఇరవై నాలుగు. చిటికెనవేలు సగంలో ఆగిపోయింది. ఇరవై మూడు. మూలన కెజియా బల్ల దిగింది. ఇరవై రెండు. లక్ష్మీపతి గారి చెయ్యి కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.

ఇరవై రెండు.

పావుగంట గడిచింది. ఇరవై రెండు. అరగంట గడిచింది. ఎస్తేరు యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టింది, తీగలు మార్చి చూసింది. ఇరవై రెండే.

"ఆగింది" అన్నారు లక్ష్మీపతి గారు, నమ్మలేనట్టు.

అప్పుడు సలోమి కుడిచెయ్యి ఎత్తింది. నెమ్మదిగా, బురదలోంచి కాలు తీసినట్టు ఎత్తింది. చూపుడువేలు ఎడమ అరచేతి మీద పెట్టి, బొటనవేలి మొదలునుంచి మణికట్టు దాకా గీసుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

సలోమి తలెత్తి చూసింది. మొహంలో నవ్వు లేదు.

"ఏమీ లేదే. గోరు గీరుకుంటోంది, అంతే. నా గోరే."

తర్వాత ఆ చేతినే తల దాకా తీసుకువెళ్ళింది. చెవి వెనక గోరు పెట్టింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, ఎస్తేరు వంక చూసింది.

"అమ్మ వెళ్ళిపోయిందే" అంది, చిన్నపిల్లలా ఏడుస్తూ. ఎస్తేరు అక్క తలను గుండెకు హత్తుకుంది. ఇద్దరూ ఏడ్చారు. డెబ్బయ్యేళ్ళ ప్రొఫెసర్ గారు బయటికి వెళ్ళి, నల్లబల్ల మీద యాభై అయిదును చెరిపేసి, ఇరవై రెండు అని రాసి, చాక్‌పీసు పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.

ఎస్తేరు నోటుబుక్కు తీసింది. 'నవ్వలేదు' అని రాసింది. ఈసారి కింద గీతలేమీ గీయలేదు. పన్నెండో రోజు పేజీకి వెనక్కి వెళ్ళి, తను రాసినదాని పక్కన 'ఇది తప్పు. గుర్తించవలసింది నేను' అని రాసి సంతకం పెట్టింది. ఆ చేతులు మునుపటిలా లేసు అల్లలేవని ఆమెకు తెలుసు. పువ్వు ఒకటి వెయ్యడానికి పూట పడుతుంది. చిటికెనవేలు ఇక ఎప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

తలెత్తేసరికి కెజియా కుర్చీ దగ్గర ఉంది. జేబులోంచి రిబ్బను తీసింది. ఆదివారం నాటి తెల్ల రిబ్బనే. దాన్ని తల్లి ఒళ్ళో పెట్టి, ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి, నేల మీద కూర్చుంది. తల్లికి వీపు పెట్టి.

సలోమి వేళ్ళు పిల్ల జుట్టులోకి వెళ్ళాయి. ఒక పాయ జారిపోయింది, మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. ఎస్తేరు సాయం చెయ్యబోయి ఆగిపోయింది. వంకరటింకరగా, వదులుగా, ఒక్కో మెలికే పడుతోంది. సగం జడకే ఇరవై నిమిషాలు పట్టింది.

"నొప్పిగా ఉందా?" అంది సలోమి.

"కొంచెం. జుట్టు లాగుతోందమ్మా."

సలోమి చేతులు టక్కున ఆగాయి.

"నేనే లాగాను, అమ్మడూ. నేనే" అంది ఆమె, పాయను వదులు చేస్తూ.

"పర్లేదు" అని, కెజియా వెనక్కి జరిగి తల్లి మోకాళ్ళకు ఆనుకుని కూర్చుంది.